డిండి బోటుకి ఇంజిన్ బెల్ట్ రెండుసార్లు తెగింది: ఏటి మధ్యలో ఏం చేయాలి, అసలెందుకు తెగుతోంది?

వశిష్ఠ_బోటు అడిగారు:

అండీ, డిండి నుంచి అంతర్వేది అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వశిష్ఠ పాయలో తిరిగే 20 మంది టూరిస్ట్ బోటు. ఇంజిన్ లారీది, 4 సిలిండర్ల డీజిల్, వెనక మెరైన్ గేర్‌బాక్స్ కలిపారు. ముందు ఒకటే వి-బెల్ట్, 13 మి.మీ. వెడల్పు. క్రాంక్ పుల్లీ (ఇంజిన్ తిప్పేది), వాటర్ పంపు, ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది) మూడూ దాని మీదే తిరుగుతాయి. ఏటి నీళ్లు లాగే పంపు మాత్రం గేరు మీద నడుస్తుంది, దానికి బెల్ట్ లేదు. ఇంజిన్‌లో తిరిగే మంచినీళ్లు హీట్ ఎక్స్ఛేంజర్‌లో చల్లబడతాయి.

మొదటి బెల్ట్ 40 గంటలు నడిచి తెగింది, రెండోది 35 గంటలకే. రెండూ కొత్తవే, మంచి కంపెనీవే. అనుభవం ఉన్నవాళ్లు రెండు సంగతులు చెప్పాలి. జనం ఎక్కి ఉండగా మధ్యలో తెగితే వరసగా ఏమేం చేయాలి? మాటిమాటికీ తెగడానికి కారణం ఎక్కడ వెతకాలి?

సరంగు_మాట:

తెగిన వెంటనే చేయాల్సింది ఇంజిన్ దగ్గర కాదండి, బోటు ముక్కు దగ్గర. చాలామంది మూత ఎత్తి లోపలికి తల దూరుస్తారు, ఈలోగా బోటు వంతెన స్తంభం మీదికో తిప్ప మీదికో పోతుంది.

ఛార్జింగ్ ఎర్రలైటు వెలిగి, వెనకే హీట్ ముల్లు లేస్తోందంటే బెల్ట్ పోయినట్టే. మీ ఇంజిన్‌లో టైమింగ్ (వాల్వులు తెరిచి మూసే ఏర్పాటు) గేర్ల మీద ఉంటుంది కాబట్టి బెల్ట్ తెగినా ఇంజిన్ దానంతటదే ఆగదు. అదే ప్రమాదం: ఆగలేదు కదా అని నడిపేస్తారు. లోడు మీద రెండు మూడు నిమిషాల్లో హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కీ దిమ్మకీ మధ్య సీల్) పోయేదాకా వస్తుంది. వేగం తగ్గించి, మిగిలిన ఊపుతోనే పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) దారి నుంచి, చించినాడ వంతెన లాంటి చోట స్తంభాల నుంచి పక్కకి తిప్పుకుని, లోతు తక్కువ ఉన్న వైపు వచ్చి ఇంజిన్ ఆపేయండి.

లంగరు ముక్కు నుంచే వేయాలి. వెనక నుంచి వేస్తే వడికి వెనక భాగం కిందికి లాగి నీళ్లెక్కుతాయి. తాడు లోతుకి కనీసం 5 రెట్లు, వడి ఉంటే 7 రెట్లు వదలండి. 4 మీటర్ల లోతులో 20 మీటర్లు సరిపోతుంది, పాటు (సముద్రం వైపు దిగే నీరు) లాగుతుంటే 28. లంగరుకీ తాడుకీ మధ్య 3, 4 మీటర్ల గొలుసు ఉండాలి, లేకపోతే ఇసుక మీద గీత గీసుకుంటూ పోతుంది తప్ప పట్టదు. పట్టిందో లేదో చూడటానికి ఒడ్డున ముందొక కొబ్బరిచెట్టు, దాని వెనక ఇంకేదైనా ఇల్లో స్తంభమో ఒకే వరసలో గుర్తు పెట్టుకోండి. ఆ రెండూ ఒకదాని నుంచి ఒకటి విడిపోతుంటే లంగరు జారుతున్నట్టే.

జనాన్ని కూర్చోబెట్టి లైఫ్ జాకెట్ల తాళ్లు బిగించమనండి. ఏమైందో చూద్దామని అందరూ ఒకే పక్కకి వస్తే అది బెల్ట్ కంటే పెద్ద ప్రమాదం.

అంతర్వేది వైపు ఉన్నప్పుడు పోటా పాటా అన్నదే అసలు లెక్క. మన తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక్కోటి సుమారు ఆరు గంటల పావు. పోటు ఎక్కుతుంటే బోటు నరసాపురం వైపు కొట్టుకొస్తుంది, కాస్త తీరిక దొరుకుతుంది. పాటు దిగుతుంటే మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) వైపు లాగేస్తుంది, అక్కడ తిప్పలూ విరిగే అలలూ. లంగరు పట్టక మొగలోకి పోతున్నప్పుడు మాత్రం, హీట్ ఎంతున్నా ఇంజిన్ వేసి ఒకటి రెండు నిమిషాలు నడిపి పక్కకి లాక్కోవచ్చు. ఇంజిన్ పాడైతే పోనీ. వరద రోజుల్లో ఈ లెక్క పనిచేయదు, పోటు సమయంలో కూడా నీళ్లు దిగువకే పోతాయి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులతో మొదటి హెచ్చరిక పడితే బోటు రేవులోనే ఉండాలి.

మొగ దగ్గరో సముద్రంలోనో అయితే వీహెచ్ఎఫ్ వైర్‌లెస్‌లో 16వ ఛానల్, ఫోన్ సిగ్నల్ ఉంటే కోస్ట్ గార్డ్ 1554, మెరైన్ పోలీస్ 1093. ఏటిలో అయితే నరసాపురం, సఖినేటిపల్లి పంటు రేవు వాళ్ల నంబర్లు ముందే రాసి పెట్టుకోండి. పగలు ఏ బోటైనా ఆగుతుంది. రాత్రి లంగరు లైటు వెలగకపోతే గుద్దేది కూడా ఆ బోటే.

పానా_పదమూడు:

పైవారు నీటి సంగతి చెప్పారు, ఇంజిన్ సంగతి నేను చెప్తాను.

ముందు హీట్. ఇంజిన్ నీళ్ల ట్యాంకు మూత వెంటనే తిప్పొద్దు, ఒత్తిడితో మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. 40 నిమిషాలు ఆగి, మందంగా మడిచిన గుడ్డతో మొదటి మెట్టు దాకా తిప్పి, ఆవిరి పోయాక తీయాలి. కాలుతున్న ఇంజిన్‌లో చల్లటి ఏటి నీళ్లు పోస్తే హెడ్ చీలుతుంది. ఇంకొకటి, ముల్లు కిందికి దిగింది కదా అని నమ్మొద్దు. నీళ్లు తగ్గిపోతే సెన్సర్ గాలిలో ఉండి తక్కువ చూపిస్తుంది.

బెల్ట్ వేసే ముందు తాళం తీసి, బ్యాటరీ స్విచ్ ఆపండి. ఆల్టర్నేటర్ వెనక లావు వైరుకి ఎప్పుడూ కరెంటు ఉంటుంది, పానా తగిలితే మంట వస్తుంది. అయితే ఇంజిన్ నడుస్తుండగా మాత్రం బ్యాటరీ స్విచ్ ఎప్పుడూ ఆపొద్దు, ఆల్టర్నేటర్ డయోడ్లు పోతాయి. లుంగీ, మెడలో తువ్వాలు తీసి పక్కన పెట్టి కూర్చోండి.

తెగిన బెల్ట్ ముక్కలన్నీ ఏరండి. దారాలు క్రాంక్ పుల్లీ వెనక చుట్టుకుంటే ఆయిల్ సీల్‌ని కోస్తాయి. తర్వాత వాటర్ పంపు పుల్లీని, ఆల్టర్నేటర్ పుల్లీని చేత్తో తిప్పి చూడండి. గరగరమన్నా, పైకీ కిందికీ ఊగినా, బిగుసుకుపోయినా కారణం అక్కడే దొరికింది. ఆ బేరింగ్ మీద కొత్త బెల్ట్ వేస్తే అరగంట కూడా నిలవదు.

ఆల్టర్నేటర్ కింది బోల్టునీ, గాడి ఉన్న పట్టీ బోల్టునీ వదులు చేసి, దాన్ని ఇంజిన్ వైపు పూర్తిగా నెట్టాలి. సాధారణంగా 13, 17 నంబర్ పానాలతో పని అయిపోతుంది. బెల్ట్ క్రాంక్‌కి, పంపుకి వేసి, చివర ఆల్టర్నేటర్‌కి ఎక్కించండి. ఎక్కలేదంటే ఆ బెల్ట్ పొట్టిది. స్క్రూడ్రైవర్ పెట్టి గెంటితే పైకి ఏమీ కనిపించదు కానీ లోపల బలం ఇచ్చే దారాలు ఒకటి రెండు తెగుతాయి, పది ఇరవై గంటల తర్వాత అక్కడే పుటుక్కుమంటుంది. కొత్త బెల్ట్ తొందరగా తెగిందంటే ముందు ఎక్కించినవాడిని అడగాలి, తర్వాతే కంపెనీని.

బిగించడానికి ఇనుప కడ్డీ కాకుండా చెక్క ముక్క వాడండి. ఆల్టర్నేటర్ ముందు కవచానికి ఆనించి లాగాలి, మధ్యలో నొక్కితే లోపలి చుట్ట పాడవుతుంది. ముందు పట్టీ బోల్టు, తర్వాత కింది బోల్టు బిగించండి. పొడవైన వరస మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే 10 నుంచి 12 మి.మీ. లోపలికి పోవాలి. అంతకంటే తక్కువ పోతే పంపు బేరింగ్‌ని చంపుతున్నట్టే. వదులుగా ఉంటే కీచుమని జారి, వేడెక్కి, పక్కలు గాజులా మెరుస్తాయి.

స్టార్ట్ చేసి 5 నిమిషాలు ఐడ్లింగ్‌లో ముల్లు చూడండి. 15, 20 నిమిషాలు నడిచాక ఆపి మళ్లీ బిగించాలి, ఎందుకంటే కొత్త బెల్ట్ మొదట్లో సాగి గాడిలో కూర్చుంటుంది. ఇంకోసారి 10 గంటలకి. ఈ రెండో బిగింపు మానేయడం వల్ల పోయే బెల్ట్‌లే ఎక్కువ.

మీ ప్రశ్నకి అసలు జవాబు తెగిన బెల్ట్ ముక్కలోనే ఉంది, పారేయలేదు కదా? ఒక పక్క మాత్రమే పీచు లేచి ఉంటే పుల్లీలు ఒక వరసలో లేవు. రెండు పక్కలా నున్నగా మెరుస్తుంటే జారింది. అడుగున అడ్డంగా పగుళ్లుంటే వేడి, లేదా వయసు. ఉబ్బి జిగురుగా ఉంటే డీజిలో ఆయిలో పడింది. కొత్తదిలా ఉండి ఒకే చోట కోసినట్టు తెగితే పైన చెప్పిన స్క్రూడ్రైవర్ పనే. ఆ తర్వాత క్రాంక్ పుల్లీ నుంచి ఆల్టర్నేటర్ పుల్లీకి సన్నటి దారం బిగువుగా పట్టి ఎంత తేడా ఉందో కొలవండి. 300 మి.మీ. దూరానికి 1.5 మి.మీ. దాటకూడదు. గాడి అడుగున కూడా చూడండి. అక్కడ మెరుస్తుంటే బెల్ట్ పక్కలతో పట్టడం మానేసి అడుగున కూర్చుంటోంది. వి-బెల్ట్ పట్టు అంతా పక్కలదే. ఉప్పుగాలికి గాడిలో తుప్పు గుంటలు పడితే ఆకురాయిలా బెల్ట్‌ని అరగదీస్తాయి. సన్న ఎమరీ పేపర్‌తో నున్న చేయండి, లోతు గుంటలైతే పుల్లీ మార్చాల్సిందే.

కోటిపల్లి_రేవు:

స్పేర్ లేకపోతే నైలాన్ తాడు ముడేసి నడిపించొచ్చు, మా వైపు చేస్తారు. 10 మి.మీ. తాడు, గట్టిగా లాగి ముడి.

పానా_పదమూడు:

ఆయ్, చేస్తారండి. కానీ తాడు గుండ్రంగా ఉంటుంది, గాడి వి ఆకారంలో ఉంటుంది. రెండు సన్నటి గీతల మీదే పట్టు దొరుకుతుంది. ముడి పుల్లీ మీదికి వచ్చిన ప్రతిసారీ తన్నుతుంది, నైలాన్ వేడికి సాగుతుంది. ఆల్టర్నేటర్‌ని వదిలేసి క్రాంక్‌కీ పంపుకీ మాత్రమే చుట్టి, ఐడ్లింగ్‌లో ఒడ్డు చేరడానికైతే సరే. రేవు దాకా పోదామంటే కాదు. దానికంటే ఇంకో బోటుతో లాగించుకోవడమే మేలు.

ముందుగానే లింక్ బెల్ట్ ఒక మీటరున్నర కొని పెట్టుకోవచ్చు. చిన్న చిన్న ముక్కలు ఒకదానిలో ఒకటి తొడిగి ఎంత పొడవు కావాలంటే అంత చేసుకునే బెల్ట్ అది. గాడి వెడల్పుకి తగ్గది అడగాలి, 13 మి.మీ. గాడికి ఎ సెక్షన్. చేత్తో బిగువుగా చుట్టి ముక్కలు లెక్కపెట్టి, ప్రతి 24కి ఒకటి చొప్పున తీసేసి కలిపితే సరైన బిగువు వస్తుంది. పనిముట్లు అక్కర్లేదు. దీంతో ఇంకో లాభం ఉంది. ఆల్టర్నేటర్ బేరింగ్ బిగుసుకుపోతే మామూలు బెల్ట్ దొరికినా పనికిరాదు. లింక్ బెల్ట్‌ని క్రాంక్, పంపు రెండింటికే కలిపి ఇంటికి రావచ్చు. ఛార్జింగ్ ఉండదు. ఫ్రిజ్, ఇన్వర్టర్, పాటలు ఆపేసి బ్యాటరీని లైట్లకి, వైర్‌లెస్‌కి ఉంచుకోండి. ఒకసారి ఆపితే సెల్ఫ్ మళ్లీ తిరగకపోవచ్చు కాబట్టి రేవు చేరేదాకా ఇంజిన్ ఆపొద్దు. తాళంలో కరెంటు ఉంటేనే డీజిల్ వదిలే సొలినాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వు) రకమైతే బ్యాటరీ చచ్చినప్పుడు ఇంజినూ ఆగుతుంది. మీది ఏ రకమో రేవులోనే చూసుకోండి.

యానాం_ఫైబర్:

ఈ చర్చ చదివి అవుట్‌బోర్డ్ మోటార్ వాళ్లు పొరబడకుండా ఒక మాట. అవుట్‌బోర్డ్‌లో నీళ్ల పంపు కింద కాలులో, షాఫ్ట్ మీద ఉంటుంది, దానికి బెల్ట్ ఉండదు. కొన్ని ఫోర్ స్ట్రోక్ మోటార్లలో పైన మూత కింద కనిపించే పళ్ల బెల్ట్ టైమింగ్ బెల్ట్. అది తెగితే మోటార్ అక్కడికక్కడే ఆగుతుంది. తాడు లాగి, సెల్ఫ్ కొట్టి ప్రయత్నించొద్దు. కొన్ని మోడళ్లలో పిస్టన్ వాల్వులని తగిలి వంచేస్తుంది. గుర్తులు కలపకుండా ఏటి మధ్యలో కొత్తది వేయడం కుదరదు. లంగరు వేసి లాగించుకోవడమే. మాన్యువల్‌లో రాసిన గంటలకి, నల్లగా బాగానే కనిపిస్తున్నా సరే, మార్చేయాలి.

వశిష్ఠ_బోటు:

ముక్కలు దాచాను. రెండు బెల్ట్‌లకీ ఇంజిన్ వైపు పక్క పీచు లేచి ఉంది, రెండు పక్కలా మెరుపు కూడా ఉంది. మూత లోపల నల్లపొడి. దారం పెట్టి చూస్తే ఆల్టర్నేటర్ పుల్లీ 4 మి.మీ. వెనక్కి, అంటే ఇంజిన్ వైపు ఉంది. మధ్య దూరం 350 మి.మీ. ఒక సంగతి ముందు చెప్పలేదు. రెండు నెలల కిందట పాత 35 ఆంపియర్ల ఆల్టర్నేటర్ తీసి 90 ఆంపియర్లది వేయించాం. ఫ్రిజ్, ఫ్యాన్లు, ఇన్వర్టర్ రాత్రంతా బ్యాటరీ మీదే ఉంటాయి.

పానా_పదమూడు:

అదీ సంగతి. రెండు తప్పులు కలిశాయి. ఒక్కటే అయితే బెల్ట్ ఇంకొన్నాళ్లు ఓర్చుకునేది.

350 మి.మీ. దూరానికి 1.75 మి.మీ. దాకా సరే, మీది దానికి రెట్టింపు దాటింది. పీచు లేచింది అందుకే. ఇక మెరుపు లెక్క చూడండి. 90 ఆంపియర్లు, 14 వోల్టుల దగ్గర 1,260 వాట్లు. ఆల్టర్నేటర్ మింగే బలంలో 55, 60 శాతమే కరెంటుగా బయటికొస్తుంది. అంటే బెల్ట్ మోయాల్సింది 2,100 నుంచి 2,300 వాట్లు, దాదాపు 3 హెచ్‌పీ. పాతదానికి ఒక హెచ్‌పీ చిల్లర సరిపోయేది. రాత్రి ఖాళీ అయిన బ్యాటరీ పొద్దున్నే పూర్తి కరెంటు అడుగుతుంది, బెల్ట్ ఇంకా చల్లగా ఉండగానే ఆ బరువంతా చిన్న ఆల్టర్నేటర్ పుల్లీ మీద పడుతుంది. స్టార్ట్ చేసిన వెంటనే కీచుమనే శబ్దం వస్తోందా? వస్తే ఇంకేం చూడక్కర్లేదు.

ఒకే వి-బెల్ట్ మీద ఈ బరువు నాకు నచ్చదు. మూడు పుల్లీలూ రెండు గాళ్లవి మార్చి జత బెల్ట్‌లు వేయడం సరైన పని. అప్పుడు ఒకటి తెగినా రెండోదానితో రేవు చేరతారు. జత అంటే ఒకే కంపెనీ, ఒకే నంబర్, ఒకేసారి కొన్నవి. పాతదానికి తోడుగా కొత్తది వేస్తే కొత్తదే బరువంతా మోసి ముందు పోతుంది. ఆ ఖర్చు ఇప్పుడే వద్దనుకుంటే, లోపలి వైపు పళ్లున్న రా-ఎడ్జ్ (పక్కలకి గుడ్డ చుట్టని) బెల్ట్ వేయండి. చిన్న పుల్లీ మీద తేలిగ్గా వంగుతుంది, తక్కువ వేడెక్కుతుంది. ఫ్రిజ్‌ని రాత్రి రేవు కరెంటు మీద పెట్టండి. బెల్ట్ డ్రెస్సింగ్ పేరుతో అమ్మే జిగురు స్ప్రే మాత్రం కొట్టకండి. రెండు రోజులు శబ్దం ఆపి, దుమ్ము పట్టి, జబ్బుని దాస్తుంది.

పంపు కింద చిన్న బెజ్జం ఉంటుంది, అక్కడ తెల్లగానో పచ్చగానో చార కనిపిస్తే సీల్ కారుతోంది. ఆ నీళ్లే బెల్ట్ మీద పడి జారిస్తాయి. చేయి పెట్టారు కాబట్టి అదీ చూసేయండి.

వశిష్ఠ_బోటు:

శబ్దం వస్తోందండి, రోజూ పొద్దున అరనిమిషం. బ్యాటరీ కొత్తది కదా అని పట్టించుకోలేదు. 4 మి.మీ. సర్దడానికి పుల్లీ వెనక వాషర్ వేయొచ్చా?

పానా_పదమూడు:

వేయొచ్చు కానీ ఒక షరతు. వాషర్ వేశాక కూడా నట్టు మరలన్నీ షాఫ్ట్ మీద పట్టాలి. సగం మరలే పడితే పుల్లీ ఊడొచ్చి మూత చీల్చుకుని బయటికొస్తుంది. నేనైతే ఆల్టర్నేటర్‌నే ముందుకి జరుపుతాను. కింది బోల్టు దగ్గర బ్రాకెట్‌కీ ఆల్టర్నేటర్ చెవికీ మధ్య 4 మి.మీ. ఇనుప బుష్, లేత్ షాపులో పది నిమిషాల పని. పైన పట్టీ దగ్గర కూడా అంతే మందం వేయాలి, ఇది మరిచిపోతే బిగించినప్పుడు ఆల్టర్నేటర్ మెలి తిరిగి మళ్లీ వంకరే.

ఒక జాగ్రత్త. దారాన్ని పుల్లీ అంచులకి ఆనించి కొలిచి ఉంటే, రెండు పుల్లీల అంచు మందం ఒకటేనా చూడండి. పాత పుల్లీకి 3 మి.మీ., కొత్తదానికి 5 మి.మీ. ఉంటే మీ లెక్క 2 మి.మీ. తప్పు. గాడి మధ్య నుంచి గాడి మధ్యకి కొలిచాకే బుష్ చేయించండి.

సరంగు_మాట:

స్పేర్ల గురించి ఎవరూ చెప్పలేదు. సరైన నంబర్‌వి రెండు బెల్ట్‌లు, లింక్ బెల్ట్ మీటరున్నర, ఆ రెండు పానాలు, చెక్క ముక్క, టార్చి. మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి, డీజిల్ డబ్బాల పక్కన వద్దు, మేకుకి మడిచి వేలాడదీయొద్దు. నంబర్ చదవడంలో తేడా వస్తుంది. ఎ42 అంటే లోపలి చుట్టుకొలత 42 అంగుళాలు, 13x1075 అంటే వెడల్పు 13, చాలా కంపెనీల్లో బయటి చుట్టుకొలత 1,075 మి.మీ. రెండు పద్ధతులని కలిపి లెక్కేసి కొంటే పొట్టిదో పొడుగుదో వస్తుంది. కొన్న స్పేర్‌ని ఒకసారి రేవులోనే ఎక్కించి చూసి, నంబర్‌ని ఇంజిన్ మూత లోపలి వైపు పెయింట్‌తో రాయండి. సముద్రం బోట్ల వాళ్లకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆగే రోజులు ఈ పనికి సరైన సమయం. బాగున్నా సరే బెల్ట్ మార్చేసి, తీసినదాన్ని స్పేర్‌గా ఉంచుకోండి, దాని పొడవు సరిపోతుందని ఎలాగూ తెలుసు.

అడుగు నీళ్లు తోడే పంపుని కూడా ముందు పుల్లీకి షాఫ్ట్ కలిపి నడిపే బోట్లుంటాయి. అక్కడ ఆ షాఫ్ట్ అడ్డం వచ్చి కొత్త బెల్ట్ వేయాలంటే కప్లింగ్ (షాఫ్ట్‌ని కలిపే జోడింపు) విప్పాలి. అలాంటివాళ్లు కప్లింగ్ విప్పిన రోజునే ఒక అదనపు బెల్ట్‌ని షాఫ్ట్ మీదికి దాటించి, పుల్లీకి తగలకుండా బ్రాకెట్‌కి ప్లాస్టిక్ టైలతో కట్టేసి ఉంచండి. తెగిన రోజు టైలు కోసి ఎక్కించడమే.